పోలెండ్ డ్రమ్మరుకు బచేలీలో సంతాప సభ

ఇది చదివాక మీ ఇంట్లో పెళ్లయినా పేరంటమైనా నన్ను మైకు దగ్గరికి రానివ్వరని తెలుసు. అయినా చెబుతాను. బచేలీ ఇనుప గనుల టౌన్‌షిప్పులో, క్లబ్బు నిండా జనం చూస్తుండగా నేను వెలగబెట్టిన ఘనకార్యం అలాంటిది మరి.

అప్పట్లో పోలెండ్‌కు చెందిన ఓ హెవీ మెటల్ బ్యాండు నాకు దేవుడితో సమానం. దాని పేరు పలకబోతే ఇప్పటికీ నాలుక మడతపడుతుంది. కానీ వాళ్ల చరిత్ర మాత్రం ఇంటర్నెట్టులో చదివి చదివి కంఠతా పట్టాను. బొగ్గు గనుల ఊరి కుర్రాళ్లు. గిటార్లు దొరక్కపోతే పాత బీరువా చెక్కతో చేసుకున్నారు! మారెక్ అనే డ్రమ్మరు వాయిస్తుంటే గని కార్మికుల హాల్లో జనం బెంచీలెక్కి నిలబడేవారట. మాలాంటి దుమ్ము ఊళ్లోంచి అంత శబ్దం పుట్టిందా అని తలచుకున్నప్పుడల్లా ఒళ్లు గగుర్పొడిచేది.

రెండో ఆల్బం అయ్యాక మారెక్ బ్యాండు మానేసి గనిలో చేరాడని రాసి, పక్కనే నల్ల అంచుతో అతని ఫోటో వేశారు. ఆ తర్వాత అతని ఊసే లేదు. గనుల ఊళ్లో పెరిగినవాడికి ఇంకేం చెప్పాలి? మా నోటీసు బోర్డు మీద నల్ల అంచు ఫోటో కనిపిస్తే ఏమైందని ఎవరూ అడగరు, ఎవరింటికి వెళ్లాలనే అడుగుతారు. మెటల్ బ్యాండుల వాళ్లు పెళ్లి ఫోటోకైనా నల్ల అంచే వేస్తారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి.

నాకూ, రైల్వే క్వార్టర్స్ జోసెఫ్‌కూ ఓ బుల్లి బ్యాండు ఉండేది. ఇరుగుపొరుగు గోల పెడితే క్లబ్బు సెక్రటరీ అప్పలనాయుడు గారు మా డ్రమ్ములు స్టోరులో పడేసి తాళం వేశారు. ఆయనది శ్రీకాకుళం. కాళ్లావేళ్లా పడితే చివరికి కరిగారు.

"కన్వేయర్ బెల్టు సూడ్డానికి పోలెండ్ ఇంజనీరొచ్చాడు గదా! ఆదివారం ఆయనకి సభ. ఆల్ల దేశం పాటలు మీకు తెల్సంటన్నారు. ఆయన మెచ్చుకుంటే ఎనక గది మీకే. నేదంటే ఆ డ్రమ్ములు బజన మండలికిచ్చెత్తాను. ఏటంటావు?"

"మెచ్చుకోవడమేమిటండీ, ఏడిపించేస్తాను చూడండి!"

మా దగ్గర ఏ సభ మొదలైనా ముందు గనిలో పోయినవాళ్లకు మౌనం పాటించడం ఆనవాయితీ. ఈసారి ఆ మౌనం మారెక్ కోసమని అతని ఫోటో పెద్దది తీయించాను. నడుము దాకా జుట్టు, ఎముకల గూడులాంటి ఒళ్లు. బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించాను.

"ఒరే, బెల్టు సారుని ఓ మాటడుగుదామా? ఆయనదీ ఆ దేశమే కదా," అని జోసెఫ్ గొణిగాడు. పేరు పలకడం చేతకాక ఊరంతా ఆ ఇంజనీరును బెల్టు సారనే పిలిచేది.

"ఆ గుండుకీ ఆ బొజ్జకీ మెటల్ గురించేం తెలుస్తుందిరా! నువ్వూరుకో."

పీనుగ లేదు, పాడె లేదు, సంతాప సభకు మైకు సెట్టు! మన వరస అది.

నాకొచ్చిన ఇంగ్లీషులో చరిత్రంతా ఏకరువు పెట్టాను. బీరువా చెక్క గిటార్ల దగ్గర బెల్టు సారు నోరు తెరిచారు. బెంచీల ముచ్చట దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గది మనదే అనుకున్నాను. గొంతు వణికించి, "ఆ మహానుభావుణ్ని గని మింగేసింది! అందరూ లేచి రెండు నిమిషాలు..." అన్నాను. హాలు మొత్తం లేచింది. బెల్టు సారూ లేచి ఫోటో వంక అదోలా చూసి, తల వంచుకున్నారు. ఆయన భుజాలు అదురుతున్నాయి. అది చూసి ముందు వరుసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

మౌనం అయ్యాక ఆయన స్టేజీ ఎక్కి, ఫోటోకున్న దండ తీసి తన మెడలో వేసుకున్నారు.

"ఆ మారెక్ నేనే," అన్నారు ఇంగ్లీషులో. "గనిలో చేరాను. తర్వాత చదువుకుని ఇంజనీరునయ్యాను. అంతే."

"ఏటీ! సచ్చిపోయినోడు ఈయనేనేటి?" అని నాయుడుగారు కుర్చీలో కూలబడ్డారు.

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. బెల్టు సారు మాత్రం డ్రమ్ములున్నాయా అని అడిగారు. నాయుడుగారు పరుగున వెళ్లి తాళం తీశారు.

ఇక ఏం చెప్పను! ఆ బొజ్జమనిషి పుల్లలు పట్టుకోగానే ఎవరో వేరే మనిషి. నేల అదిరి మా పాదాల్లోంచి గుండెల్లోకి ఎక్కింది. నేను చేతులు జోడించి నిలబడిపోయాను. అంత గొప్పతనాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. వాయింపు ఆగేసరికి నాయుడుగారు గది తాళంచెవి జోసెఫ్ చేతిలో పెట్టి, "తీస్కోండ్రా నాయనా, ఈసారి బతికున్నోల్లనే పిలవండి," అన్నారు.

నేను బెల్టు సారు కాళ్ల మీద పడ్డాను. "తప్పయిపోయింది సార్. బతికే ఉన్నానని అప్పుడే చెప్పి ఆపేయకపోయారా?"

"ఎలా ఆపను బాబూ? నేనున్న హాల్లో జనం రెండు నిమిషాలు నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. చెడగొట్టబుద్ధి కాలేదు!"

ఆయన బొజ్జ సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నా చేత్తో నాడి పట్టుకుని చూస్తే తప్ప ఇక ఎంతటివాడి ఫోటోకూ దండ వేయను.