మూడో ప్రకటన

జెరూషాకు చెవులు తండ్రి నుంచి వచ్చాయని లాలాగూడ రైల్వే కాలనీలో అందరూ అనేవారు. యేసుదాసు వర్క్‌షాపులో ఫిట్టరు. చక్రం మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, అది మోగిన తీరును బట్టి పగులుందో లేదో చెప్పేవాడు. కూతురు చర్చి క్వయర్‌లో పాడేది. పక్కవాళ్ల గొంతు వెంట్రుకవాసి జారినా ఆమె కనుబొమ్మ లేచేది. "దీని పక్కన నిలబడి పాడాలంటే భయం తల్లీ" అని తోటి ఆడపిల్లలు ఆమె తల్లి రోసమ్మతో మొరపెట్టుకునేవారు. రోసమ్మ నవ్వి, "ఇంట్లో నా సంగతి అడగండి, చెంచా కింద పడ్డా ఏ చెంచానో చెప్తుంది" అనేది.

ఆ చెవులే ఆమెకు అన్నం పెట్టాయి. అప్పట్లో సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. బోయిగూడ సందుల్లో కిరాణా కొట్టు మీద ఒక ఇన్‌స్టిట్యూట్, దాని మీద ఇంకొకటి. బేగంపేటలో అద్దాల మేడలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అలాంటి ఒక మేడలో, మూడో అంతస్తులో, జెరూషా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగంలో చేరింది. అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూసి, ఎవరికి ఏమైందో ఫోన్లో చెప్పి ఇళ్లకు పోతారు. వాళ్లు నిద్రపోయే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. ఇక్కడివాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ మాటలన్నీ టైపు చేస్తారు. కాలి కింద పెడల్ ఉంటుంది. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఎక్కడో మంచు కురిసే ఊళ్లో ఒక పెద్దాయన దగ్గు, కాగితాలు తిప్పిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు, అన్నీ ఆమె చెవిలోకి వచ్చి చేరేవి.

ఒకరు టైపు చేసింది ఇంకొకరు మళ్లీ విని సరిచూడాలి. అది ఆఫీసు పద్ధతి. సరిగా వినబడని చోట ఊహించి రాయకూడదు, ఖాళీ వదలాలి. డాక్టరే ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి చెప్తే గుర్తు పెట్టి ఆయననే అడగాలి.

రెండువేల ఒకటి మొదట్లో, పక్క వీధిలోని ఒక చిన్న కంపెనీ మూతపడింది. అందులోంచి నలుగురిని వీళ్లు తీసుకున్నారు. మేనేజరు ధర్మరాజు వాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, ఒకతన్ని జెరూషా పక్క కుర్చీ దగ్గర నిలబెట్టాడు.

"ఎముకల కేసుల్లో ఇతను దిట్ట. నీ ఫైళ్లన్నీ ఇకనుంచి ఇతనే చూస్తాడు. పేరు సూరి."

ఆ పేరు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నమస్తే మేడమ్" అన్నాడు సూరి, ఆమె కీబోర్డు వైపు చూస్తూ.

"నమస్తే అండీ" అంది జెరూషా, అతని చొక్కా గుండీ వైపు చూస్తూ.

ఆరేళ్ల కిందట వీళ్లిద్దరి పేర్లూ లాలాగూడ చర్చిలో కలిపి చదివారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పక్కపక్క మిషన్ల మీద మొదలైన పరిచయం అది. సూరివాళ్లది శ్రీకాకుళం వైపు. తండ్రి సన్యాసిరాజు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి బోయిగూడలో స్థిరపడ్డాడు. జెరూషా కోసం సూరి ఒక ఎండాకాలమంతా చర్చి పాస్టరు అయ్యగారి దగ్గర బాప్తిస్మం పాఠాలకు వెళ్లాడు, బాప్తిస్మమూ తీసుకున్నాడు. పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పడానికి అది అవకాశం. మొదటి ఆదివారం చదివారు. రెండో ఆదివారం చదివారు. మూడో ఆదివారం జెరూషా క్వయర్‌లో ముందు వరసలో నిలబడి ఉంది. అయ్యగారు వేరే జంట పేర్లు చదివి, పుస్తకం మూసి, పాట నంబరు చెప్పారు.

ఆమె ఆ పాట పాడింది. చివరి చరణం దాకా పాడింది.

తర్వాత తెలిసిందేమంటే, శనివారం సాయంత్రం సూరి ఒక్కడే అయ్యగారి దగ్గరికి వెళ్లి ఆపేయమన్నాడట. అతని తల్లి లోవమ్మ ఈ పెళ్లి వద్దని నాలుగు రోజుల నుంచి ముద్ద ముట్టలేదట. "అలాంటి ఇంట్లోకి వచ్చి ఆ అమ్మాయి సుఖపడదు, నేను బాగా ఆలోచించాను" అన్నాడట. అయ్యగారితో అన్నాడు. జెరూషాతో కాదు. ఆమె రెండుసార్లు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. అతను మానేశాడన్నారు.

ఇప్పుడు ఆ మనిషే మోచేయి దూరంలో కూర్చుని ఆమె రాసినదాన్ని దిద్దాలి. జెరూషా ధర్మరాజు దగ్గరికి వెళ్లి మనిషిని మార్చమని అడిగింది.

"ఎందుకు? పని రాదా అతనికి?"

"వచ్చు సార్."

"మరి?"

జెరూషా తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆమెకు ఆ ఉద్యోగం కావాలి. యేసుదాసు జూన్‌లో రిటైరవుతున్నాడు, రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. టీమ్ లీడర్ పోస్టుకు జెరూషా పేరు పంపుతానని ధర్మరాజు మాటిచ్చాడు. అదొస్తే ఉద్యోగం పర్మనెంటు. పర్మనెంటైతే బ్యాంకువాళ్లు ఇంటికి లోన్ ఇస్తారు. మల్కాజ్‌గిరిలో రెండు గదుల ఇల్లొకటి రోసమ్మ ఇప్పటికే చూసి వచ్చి, వంటింటి కిటికీ తూర్పుకుందని ముచ్చటపడుతోంది.

కాబట్టి పని చేశారు. "మేడమ్, పన్నెండో ఫైలు అయింది." "థాంక్సండీ." అంతే మాట. క్యాంటీన్‌లో చాయ్ పోసే విజయమ్మకు అనుమానమొచ్చింది.

"ఏందీ బిడ్డా, మీ ఇద్దరికీ ఏమన్న లొల్లి అయిందా? గా పిల్లగాడు నువ్వొస్తే లేస్తడు, నువ్వు గాయన వస్తే లేస్తవ్. నా చాయ్ సగం గ్లాసుల్నే మిగుల్తున్నది."

"లొల్లేం లేదు విజయమ్మా."

"లొల్లి లేకుంట ఇంత మర్యాద ఏడికెల్లి వస్తదమ్మా!"

విచిత్రమేమంటే, పని మాత్రం నీళ్లలా సాగింది. ఆమె ఎక్కడ తడబడుతుందో అతనికి తెలుసు. అతను ఏ మాట దగ్గర వెనక్కి వెళ్లి వింటాడో ఆమెకు తెలుసు. నెల తిరిగేసరికి వాళ్ల ఫైళ్లు తప్పు లేనివని ఆఫీసులో పేరొచ్చింది. ఆ పేరే ముంచింది.

ఏప్రిల్‌లో, చెయ్యబోయే ఒక మోకాలి ఆపరేషన్ ఫైలు వచ్చింది. డాక్టరు మొదట్లో ఎడమ మోకాలన్నాడు, చివర్లో కుడి మోకాలన్నాడు. జెరూషాకు రెండూ వినబడ్డాయి. గుర్తు పెట్టాలి. పెట్టలేదు. ఎడమ అనే అంతటా రాసి, సూరి ఎలాగూ వింటాడు కదా, అతనే పట్టుకుంటాడు అనుకుంది. సూరి సగం విని, జెరూషా రాసిందంటే ఇక వినేదేముంది అనుకుని పంపేశాడు. ఇంకెవరి పక్కన కూర్చున్నా ఇద్దరూ ఆ పని చేసి ఉండరు.

అక్కడ కత్తి పెట్టకముందే ఒక నర్సు పట్టుకుంది. ఆపరేషన్ చెయ్యాల్సింది కుడి మోకాలికి. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రివాళ్ల నుంచి ధర్మరాజుకు ఫోనొచ్చింది. ఎవరిది తప్పో సాయంత్రంలోగా తేల్చి, ఆ మనిషిని తీసేయమన్నారు.

మధ్యాహ్నం ధర్మరాజు జెరూషాను గదిలోకి పిలిచాడు.

"నువ్వేం భయపడకు. సూరి వచ్చి చెప్పాడు. నువ్వు గుర్తు పెట్టావట, అతనే పొరపాటున తీసేశాడట. రేపటినుంచి రాడు. నీ పేరు లీడర్‌గా పంపించేస్తున్నా."

జెరూషా బయటికొచ్చింది. ముందు ఊపిరి తేలికైంది. అబద్ధమెందుకు, తేలికైంది. మల్కాజ్‌గిరి కిటికీ కళ్లముందు కదిలింది. విజయమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది కూడా. రెండో గుక్క తాగకుండా గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ మూడో ఆదివారం క్వయర్ ముందు వరసలో నిలబడి పాడిన పాట గుర్తొచ్చింది.

సూరి మెట్ల దగ్గర సంచీ సర్దుకుంటున్నాడు.

"ఎవరు చెప్పమన్నారు నీకు?" అంది.

అతను తలెత్తాడు. ఆరేళ్లలో ఆమె అతన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

"మీ నాన్నగారు రిటైరవుతున్నారని విన్నాను. నాకు ఇంకో చోట దొరుకుతుంది. బాగా ఆలోచించే..."

"ఆలోచిస్తావు. చాలా బాగా ఆలోచిస్తావు. నా గురించి నువ్వు ఆలోచించినంత ఎవరూ ఆలోచించరు. ఒక్కసారి నన్నడిగావా?"

"అడిగితే ఒప్పుకోవు కదా."

"ఒప్పుకోకపోతే అది నా జవాబు. అప్పుడూ నా జవాబు నాకుంది. మీ అమ్మ తినడం లేదంటే నేనొచ్చి మీ గుమ్మంలో కూర్చునేదాన్నేమో. వద్దులే అని నేనే అనేదాన్నేమో. ఏమనేదాన్నో నాకే తెలీకుండా చేశావు."

సూరి సంచీ భుజాన వేసుకున్నాడు. కింద రోడ్డు మీద బస్సు హారన్ మోగి మోగి ఆగింది.

జెరూషా వెనక్కి తిరిగి తిన్నగా ధర్మరాజు గదికి వెళ్లింది. తలుపు కూడా తట్టలేదు.

"సార్, సూరి చెప్పింది అబద్ధం. నేను గుర్తు పెట్టలేదు. రెండూ విని కూడా పెట్టలేదు. అతను చివరిదాకా వినలేదు. తప్పు ఇద్దరిదీ."

ధర్మరాజు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఏమ్మా, నీకు మతి ఉందా? నీ పేరు పంపడానికి కవరు అంటించాను."

"చింపేయండి సార్."

ఆయన చాలాసేపు సణిగాడు. ఆస్పత్రివాళ్లకు ఫోన్ చేశాడు. ఇద్దర్నీ ఒకేసారి తీసేస్తే ఎముకల కేసులు తెలిసినవాళ్లే ఉండరని ఆయనకూ తెలుసు. చివరికి ఇద్దర్నీ ఆ ఆస్పత్రి పని నుంచి తప్పించి, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే గదిలో వేశాడు. లీడర్ పోస్టు వేరే అమ్మాయికి పోయింది. పర్మనెంటు మాట మళ్లీ ఏడాదికి చూద్దామన్నాడు.

ఇంటికెళ్లి అమ్మకేం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ జెరూషా మెట్లు దిగింది. తూర్పు కిటికీ లేదమ్మా, జూన్ నుంచి అద్దిల్లు వెతుక్కోవాలి. రోసమ్మ ఏడుస్తుంది. యేసుదాసు రేడియో గొంతు పెంచుతాడు. అయినా, చెప్పాల్సిన మాటలన్నీ ఈసారి ఆమె సొంతవే.

సూరి గేటు దగ్గరే ఉన్నాడు. సంచీ ఇంకా భుజానే ఉంది.

"ధర్మరాజు గారు చెప్పారు" అన్నాడు. "సోమవారం నుంచి ఇద్దరికీ ఒకే గదట."

"ఊఁ."

అతను సంచీ పట్టీని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. మళ్లీ మొదటి భుజానికే మార్చుకున్నాడు.

"నేను మానేస్తే నీకు నయమా, ఉంటే నయమా? నాకు తెలీడం లేదు. నువ్వే చెప్పు."

లాలాగూడ బస్సు మలుపు తిరిగి వస్తోంది. జెరూషా దానివైపు చూసి, అతనివైపు చూసింది. ఇంత చిన్న ప్రశ్న అడగడానికి ఈ మనిషికి ఎంత కష్టమైందో అతని చెవుల ఎరుపులో కనబడుతోంది.

"నాకూ తెలీదు" అంది. "ఆలోచించుకుని సోమవారం చెప్తా. అప్పటిదాకా నువ్వేం ఆలోచించకు."

బస్సెక్కింది.