అవిశాకులో మందు లేదు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో తుమ్మముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, ఉమ్మలేను. అన్నం దాని పక్కనుంచే దిగుతోంది. నీళ్లు దాని పక్కనుంచే దిగుతున్నాయి. నవ్వు మాత్రం దిగడం లేదు.

పేరు రాయను. గురజాలలో ఆటో ఎక్కితే వచ్చే ఊళ్లలో మాదొకటి, అంతవరకే. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులు తప్పుతాయి. మనవరాలి పోయిన ఏటి నోటు పుస్తకంలో వెనక కాగితాలు మిగిలిపోతే వాటి మీద రాస్తున్నాను. ఇలాంటి మాటకు కొత్త పుస్తకం కొనడం దండగ. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే చెప్పగలుగుతున్నాను.

మా ఊళ్లో నాకొక పేరుంది. నోరు చేదు గానీ మాట నిజం, అంటారు. గట్టు తగాదా వచ్చినా, కోడిపుంజు పోయినా, "పెద్దమ్మ ఏమన్నది?" అని అడుగుతారు. నా జన్మలో అబద్ధం ఆడలేదని నేనూ అనుకునేదాన్ని. ఆడాల్సిన అవసరం అంతకుముందు రాలేదేమో. వచ్చిన రోజున ఎంత తేలిగ్గా ఆడేశానో!

మా కోడలిది ఈపూరు వైపు. పుట్టింటి నుంచి ఒక మేకను తోలుకొచ్చింది. నుదుటి మీద తెల్ల మచ్చ, దాని పేరు చుక్క. ఆ ఒక్కటి నాలుగేళ్లలో ఐదైంది. మండలంలో మేకల పెంపకం మీద రెండు రోజులు పాఠాలు చెబుతుంటే వెళ్లి విని, ఒక కాగితం పట్టుకుని వచ్చింది. అక్కడినుంచి మొదలైంది. మేకకు రోజూ ఒకటే మేత పెట్టకూడదట. ఒక పూట అవిశాకు, ఒక పూట సుబాబుల్ కొమ్మ, మధ్యలో వేరుశనగ కట్టె. మంచు ఆరేదాకా పచ్చిగడ్డి మీదికి తోలకూడదట. తొట్టిలో నీళ్లు రెండు పూటలా మార్చాలట. జొన్న నూకా తవుడూ కలిపిన దాణా తలా గుప్పెడు, అంతకు మించితే అరగదట. చివరికి నాకడానికని పాకలో గుంజకు ఒక ఉప్పు ఇటుక కట్టింది. ఆ రోజు నేను ఊరంతా వినేటట్టు అన్నాను:

"మేకలకి ఉప్పు ఇటుకంట! రేపు ఊరగాయ కూడా వడ్డిస్తది మా కోడలు."

సుబ్బులు పగలబడి నవ్వింది. సుబ్బులంటే మా పక్కింటావిడ. నవ్విన ఆ సుబ్బులే పది రోజులు తిరక్కుండా మా పాక ముందు గొంతుక్కూర్చుని, "ఏమే, మా మేకపిల్ల పారుకుంటంది, ఏం పెట్టమంటావే?" అని నా కోడల్ని అడిగింది. తర్వాత ఇంకొకరు వచ్చారు. తర్వాత అవతలి బజారు వాళ్లు. అరుగు మీద కూర్చున్న నన్ను దాటుకుని పాకలోకి వెళ్లేవాళ్లు. నలభై ఏళ్లు గొడ్లను మేపిన దాన్ని నేను. నన్ను ఒక్కరూ అడగలేదు.

అసూయ అంటారా? అప్పుడు అనుకోలేదు. పిల్ల కాస్త మిడిసిపడుతోంది, ఎప్పుడో ఒకసారి తగ్గితే మంచిదే అనుకున్నాను. మనసులో ఉన్నదానికి మంచి పేరు పెట్టుకోవడం నాకు బాగా వచ్చు.

ఆ ఏడు మా ఆయన సంవత్సరీకం రోజున వాన. నడికుడి నుంచి రావలసిన చుట్టాలు ఆగిపోయారు. వండింది వండినట్టే మిగిలింది. పప్పూ కూరలూ పంచిపెట్టాం గానీ అన్నం మాత్రం ఒక గంగాళం నిండా ఉండిపోయింది. మర్నాడు కోడలు పుట్టింటికి వెళ్లాలి. వాళ్లమ్మకు కంటి ఆపరేషను. మనవరాలిని చంకనేసుకుని పొద్దున్నే బయల్దేరుతూ, రెండు రోజులకు సరిపడా అవిశాకు కట్టలు పాకలో పెట్టి, దాణా బక్కెట్టులో కలిపి, నాకు అప్పగింతలు చెప్పింది. సుబ్బులు గోడవతల నిలబడి వింటోంది.

"ఆకు పూటకి రెండు కట్టలత్తా. దాణా గుప్పెడే. ఆ అన్నం మాత్రం పెట్టమాక. ఎక్కువ తింటే పొట్టలో పులిసి చచ్చిపోతయ్."

ఆ పిల్ల మంచిగానే చెప్పింది. నాకు వినపడింది మాత్రం వేరు. నా ఇంట్లో, నా మొగుడి సంవత్సరీకం అన్నం గురించి, సుబ్బులు ముందు, నాకు వద్దులు చెబుతోంది అని వినపడింది.

పది గంటలకు అన్నం వాసన మారడం మొదలుపెట్టింది. గంగాళం దగ్గర నిలబడ్డాను. అన్నం పారబోసిన చెయ్యి కాదు నాది. కరువులో జొన్న సంకటి గీరుకుని తిన్న దాన్ని. పైగా అది ఆయన పేరు మీద వండిన అన్నం. ఇదంతా నిజమే. కానీ చదివే తల్లీ, ఇదొక్కటే నిజం కాదు. "తింటే చస్తాయా? చూద్దాం" అన్న మాట కూడా నా లోపల ఉంది. చావాలని కాదు. చావవని. చావకపోతే సాయంత్రానికల్లా సుబ్బులుకు చెప్పి నవ్వవచ్చని.

గంగాళం తెచ్చి తొట్టిలో ఒంపాను. ఐదూ ఎగబడ్డాయి. చుక్క చూడితో ఉంది, పొట్ట వేలాడుతోంది, అది అన్నిటినీ తోసుకుని ముందుకు వచ్చింది. మూతులు ఎత్తకుండా తిన్నాయి. నాకెంత సంబరమైందో! ఎన్నేళ్ల తర్వాతో నా చేతి మేతకు గొడ్లు అంత ఆత్రపడటం. తొట్టి నాకి శుభ్రం చేసిందాకా చూసి, గంగాళాన్ని చింతపండుతో తోమి బోర్లించాను.

సాయంత్రానికి పడుకున్నాయి. ఆకు వేస్తే మూతి తిప్పేసుకున్నాయి. పొట్టలు బిగిసి, పళ్లు కొరకడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు మీరు విన్నారో లేదో, ఇసుకలో రాయి ఈడ్చినట్టుంటుంది. నా కొడుకు ట్రాక్టరు పని నుంచి వచ్చి చూసి భయపడి, పెళ్లానికి ఫోను కలిపి అందరికీ వినపడేటట్టు పెట్టాడు. అంత దూరాన ఉండి, మేకను కళ్లతో చూడకుండా, ఆ పిల్ల మొదట అడిగింది అదే.

"అన్నం ఏమన్నా తిన్నయ్యా? అత్తా, అన్నం పెట్టినవా? పెడితే చెప్పత్తా, ఏం కాదు. వంటసోడా నీళ్లలో కలిపి తాపితే లేస్తయ్."

ఏం కాదు, అంది. అంతకంటే సులువుగా ఎవరు అడుగుతారు? వంటసోడా పొట్లం పొయ్యి పైన అలమరలోనే ఉంది, నా చేతికందేంత దూరంలో. అవును అంటే అయిపోయేది. నా కొడుకు నా ముఖంలోకి చూస్తున్నాడు.

"నేనేమన్నా ఎర్రిదాన్నా అన్నం పెట్టడానికి? నువ్వు పెట్టమన్న ఆకే పెట్టా."

"మరి అన్నం ఏమైందే అమ్మా?" అన్నాడు కొడుకు.

"క్వారీ కాడ పనోళ్లకి ఇచ్చి పంపా."

ఫోనులో ఆ పిల్ల, "అత్త అబద్ధం చెప్పదు. అయితే ఇంకేందో అయ్యుంటది. డాక్టర్ని పిలువు" అంది.

అత్త అబద్ధం చెప్పదు. ఆ మాట నన్ను కొట్టినట్టు మా అమ్మ కూడా కొట్టలేదు.

పొద్దున్నే పశువుల డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చాడు. చుక్క డొక్క మీద తట్టి, "పొట్ట పులిసినట్టుందే. అవ్వా, గింజలు గానీ అన్నం గానీ తినలేదు గదా?" అన్నాడు. తినలేదన్నాను. రెండోసారి అబద్ధం మొదటిదాని కంటే తేలిక. ఆకు ఎక్కడ కోశారని అడిగాడు. మిరపతోట గట్టు మీదని కొడుకు చెప్పాడు. పక్క రైతు మిరపకు పురుగుమందు కొట్టి పది రోజులైంది. డాక్టరు తల పంకించాడు. మందు పడ్డ ఆకు అన్నాడు. దానికి తగ్గ ఇంజక్షన్లు చేశాడు. లేని విషానికి చేసిన వైద్యం ఎలా పనిచేస్తుంది? మధ్యాహ్నానికి రెండు పోయాయి. చుక్క మర్నాటి పొద్దుదాకా కొట్టుకుని, కడుపులో పిల్లలతో సహా పోయింది. మిగిలిన రెండూ పిల్లమేకలు, తొట్టి దగ్గర పెద్దవాటి తోపులాటలో వాటికి అన్నం సరిగా అందలేదు. అందుకే బతికాయి.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి చెయ్యి ఆగుతోంది. మొదటి పూట ఆకు నేను వెయ్యనే లేదు గదా. కట్టలు లెక్కకు మించి మిగిలితే దొరికిపోతానని, డాక్టరు రాకముందే రెండు కట్టలు తీసుకెళ్లి సుబ్బులు బర్రె ముందు పడేశాను. ఆ బర్రె శుభ్రంగా తిని నెమరేసింది. దానికి దగ్గు కూడా రాలేదు. అంటే ఆ ఆకు మంచిదని ఈ లోకంలో రుజువు చూసిన దాన్ని నేనొక్కదాన్నే.

కోడలు వచ్చేసరికి గుంత పూడ్చేశారు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పాకలో మిగిలిన ఆకు కట్ట విప్పి, ఒక రెబ్బ తుంచి వాసన చూసింది. మళ్లీ చూసింది. నలిపి చూసింది. చివరికి నా దగ్గరికి తెచ్చింది.

"కడిగే పెట్టానత్తా. నాకేం తెలియడం లేదు. మందు వాసన వస్తందా? నువ్వు చూడు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి ఆకు వాసన, అంతే. ఇంకో వాసన లేదు.

"కొద్దిగా వస్తంది" అన్నాను.

ఆ "కొద్దిగా" ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. జాలి అనుకున్నానేమో. కత్తి కొద్దిగా దించడం జాలి అవుతుందా?

మిగిలిన రెండు మేకల్నీ ఎవరికో ఇచ్చేసింది. ఉప్పు ఇటుక గుంజకే ఉండి వానలకు కరిగిపోయింది. మండలంలో ఇచ్చిన కాగితం పొయ్యిలో పెట్టింది. ఊళ్లో ఆడవాళ్లు రావడం మానేశారు. "దాని మేకలే అది చంపుకుంది, మనకేం చెబుతది?" అంది సుబ్బులు, గోడవతల నుంచి, వినపడేటట్టే. నేను అరుగు మీదే ఉన్నాను. కాదనలేదు. కోడలు మిరపకాయల కోతకు కూలికి పోవడం మొదలుపెట్టింది. ఘాటుకు చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చుంటుంది. ఆ చేతులతోనే నాకు అన్నం పెడుతుంది.

ఆకుకూర ఏది తెచ్చినా కడుగుతూనే ఉంటుంది. గోంగూర అయినా, తోటకూర అయినా, ఒక నీళ్లు, రెండో నీళ్లు, ఐదో నీళ్లు. కడిగి వాసన చూస్తుంది. మళ్లీ కడుగుతుంది. నీళ్లు దండగ చేస్తే ఎవర్నయినా తిట్టే నోరు నాది. ఆ నీళ్లను మాత్రం ఏమీ అనలేను.

చెబుదామని ఒకసారి నోరు తెరిచాను. రెండేళ్ల కింద నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే గంజి తాగిస్తోంది. "అమ్మాయ్, ఆ మేకలు..." అన్నాను. గ్లాసు కింద పెట్టింది.

"ఇంకా ఆ మాట దేనికత్తా. ఊరంతా నన్ను తలా ఒకటి అన్నారు. మీ అబ్బాయి కూడా అన్నాడు. నువ్వొక్కదానివే ఒక్క మాట అనలేదు. అది నేను మర్చిపోను."

గంజి చల్లారిపోయింది. అదే తాగి అటు తిరిగి పడుకున్నాను.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నాను? నిన్న మనవరాలు బడి నుంచి వస్తూ ఎవరో ఇస్తామన్న మేకపిల్ల గురించి చెప్పింది. తెచ్చుకుందామని తల్లి చుట్టూ తిరిగింది. వాళ్లమ్మ కూర కడుగుతూ, తల ఎత్తకుండా అంది: "వద్దమ్మా. నా చెయ్యి మేకలకి అచ్చిరాదు."

ఆ చేతిలో ఐదు మేకలు నూనె రాసినట్టు మెరిశాయి. ఊరు ఊరంతా ఆ చేతిని అడిగి మేపుకుంది. అచ్చిరానిది నా చెయ్యి. ఆ మాట అక్కడే అనవలసింది. తీరా నేనన్నది ఏమిటంటే, "నీళ్లు కాళ్ల మీద పడతన్నయ్, జరుగు" అని.

ఇది రాసినంత మాత్రాన నన్నెవరూ క్షమించనక్కర్లేదు. చుక్క లేచి రాదు. ఎదుట నిలబడి చెప్పలేనిదాన్ని కాగితం చాటుకు వచ్చాను, అది కూడా పిరికితనమే, తెలుసు. ఈ కాగితాలు చించేద్దామా అని ఇందాక అనిపించింది. పనికొచ్చే కాగితం చించే అలవాటు నాకు లేదు. పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచకుండా, మనవరాలి పుస్తకాల వరసలోనే పెడతాను. ఆ పిల్లకు చదవడం బాగా వచ్చు.

అందుకని చివరి ముక్క పెద్ద అక్షరాలతో, ఒత్తులు తప్పకుండా, నిదానంగా రాస్తున్నాను.

అవిశాకులో మందు లేదు. మేకలు తిన్నది అన్నం. పెట్టింది నేను.