హాజరు మాస్టారు

మా ఎమ్మెల్యే మాస్టారు మీటింగుకి రానివాళ్ళ పేర్లు రాసుకుని పింఛన్లు కోయిస్తాడని ఊరంతా ఒకటే గుసగుస. ఆ పుకారు పుట్టించినవాడి నోట్లో మట్టి! పేర్లు రాసుకుంటాడన్నది మాత్రం నిజం. ఆయనకున్నది ఒకటే పిచ్చి. నలుగురు కనబడితే చాలు, హాజరు పిలవాలి.

ఇరవై ఆరేళ్ళు బడిలో పిలిచాడు. శాసనసభకెళ్ళినా ఆ హాజరు పట్టీ చంక దిగలేదు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు పేరే పిలిచాడు. ఆ అబ్బాయి చెయ్యెత్తి "ఉన్నానండీ" అంటే, "ఇక తప్పించుకోలేవులే, కూర్చో" అన్నాడు.

సభలో మొదటిరోజే లేచి మన పార్టీ, ఎదటి పార్టీ అని చూడకుండా వరసన పేర్లు అందుకున్నాడు. కునుకు తీస్తున్న ఆర్థికమంత్రి ఆయన పాత శిష్యుడే. ఉలిక్కిపడి లేచి, "వచ్చాను సార్! లెక్కలు ఇంట్లో మర్చిపోయాను సార్!" అన్నాడు. మర్నాడు పేపర్లనిండా అదే.

ఇంట్లో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. భార్య కాఫీ గ్లాసుతో వెనకే తిరిగేది.

"ఏమండీ, చల్లారిపోతోంది!"

"ఆఁ, తాగుతున్నా" అనేవాడు, గేటు దాటాక.

మూడోసారి టికెట్టు ఇచ్చేదీ లేనిదీ తేల్చడానికి పార్టీ పెద్ద వస్తున్న రోజు ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇవాళొక్కరోజు ఆ పట్టీ ఇంట్లో పడెయ్యండి. మీ కుర్చీ కోసం ఇద్దరు గోతికాడ నక్కల్లా కూర్చున్నారు."

"సరే సరే" అంటూనే చొక్కాలో దోపుకున్నాడు.

మీటింగుకి జనం వచ్చేశారు, పెద్ద ఇంకా రాలేదు. ఊరుకుంటాడా? పట్టీ తీశాడు.

"గడియారాల తాత!"

"ఉన్నానండీ!" అంది వెనకనుంచి ఒక గొంతు.

మాస్టారు కళ్ళద్దాలు పైకి తోశాడు. "తాత రెండుసార్లు దగ్గందే పలకడు. దొంగ హాజరు ఎవడ్రా వేసింది?"

దర్జీ లేచి చేతులు నలుపుకున్నాడు. "ముసలాడి పింఛను పోతుందేమోనని నేనే పలికానండీ. రెండ్రోజులుగా తాత గడియారాల కొట్టు కూడా తియ్యలేదు."

అంతే, మాస్టారు వేదిక మీంచి దూకాడు. అప్పుడే పార్టీ పెద్ద కారు దిగుతున్నాడు.

"ఎక్కడికయ్యా ఆ పరుగు?"

"ఒకరు తక్కువున్నారు!" అని ఆగకుండానే అరిచాడు.

దర్జీ, ఆయనా కలిసి తాత ఇంటి తలుపు బద్దలు కొడితే, తాత ఒళ్ళు కాలిపోయే జ్వరంతో నేలమీద పడున్నాడు. ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఇంకొక్క పూటైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. సాయంత్రానికి తాత కళ్ళు తెరిచి, రెండుసార్లు దగ్గి, "ఉన్నానండీ" అన్నాడు.

టికెట్టు ఇద్దరు నక్కల్లో ఒకడికి పోయింది.

మర్నాడు భార్య కోపంగా ఆ పట్టీ తెరిచింది. రానివాళ్ళ పేర్ల పక్కన బుల్లి అక్షరాలు: 'కాలు బెణికింది, కట్టు కట్టించాను.' 'కోడలితో పోట్లాట, రాజీ చేశాను.' 'ఊరికే బద్ధకం, తిట్టాను.' ఏ పేజీ తిప్పినా అదే వరస.

కాఫీ ఇస్తూ అడిగేసింది. "ముప్పై ఏళ్ళుగా అడగలేదు, ఇవాళ చెప్పాలి. ఎందుకండీ మీకీ హాజరు?"

మాస్టారు మొదటిసారి కూర్చుని, వేడివేడిగా ఒక గుక్క తాగాడు.

"వచ్చినవాళ్ళు ఎలాగూ కంటికి కనిపిస్తారే. రానివాళ్ళు పిలిస్తేనేగా కనిపించేది! అది సరే, నిన్న రాత్రి ఇంటికొచ్చి నీ పేరు మూడుసార్లు పిలిచాను, పలకలేదు. ఒంట్లో బాగాలేదా?"