ప్రోతరాపూర్‌లో రెండు గదులు

నలభై నాలుగో ఏట నాకు సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. జంగ్లీఘాట్‌లో చేపల రేవుకు దిగే సందులో నా కుట్టు దుకాణం. ఏప్రిల్‌లో బడులు మొదలయ్యే ముందు రెండు నెలలు యూనిఫారాల పని ఊపిరి తిప్పుకోనివ్వదు. ఆ ఏడు చివరి చొక్కాకు గుండీలు కుట్టి లేవబోతే నడుము లేవనివ్వలేదు. మిషను బల్ల పట్టుకుని అలాగే వంగి నిలబడిపోయాను. దారిన పోయే ఆటో ఆయన చూసి, లోపలికొచ్చి, నన్ను ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. పది రోజులు చాప మీదే పడి ఉన్నాను. నేను మిషను ముందు కూర్చోకపోయినా నెలకింత వచ్చే దారి ఏదైనా ఉంటే బాగుండునని ఆ పది రోజులూ అనుకుంటూనే ఉన్నాను.

అద్దెకిచ్చే ఇల్లు కొనాలన్న ఆలోచన అలా పుట్టింది. నిజానికి మాకే సొంత ఇల్లు లేదు. మా ఆయన నికోబార్ వైపు తిరిగే షిప్పులో ఇంజన్ రూమ్ పని చేస్తాడు. నెలలో సగం రోజులు నీళ్ల మీదే. ఆ ఉద్యోగం తాలూకు క్వార్టర్‌లో ఉంటున్నాం. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వచ్చిన కుటుంబాలు మావి. మేమిద్దరం ఇక్కడే పుట్టాం, ఇక్కడే పెళ్లాడాం. గజం నేల మాత్రం మా పేరున లేదు.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది. బెంగాలీ ఆవిడ. భర్త పోయాక రంగత్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవాలనుకుంటోంది. ప్రోతరాపూర్‌లో రెండు గదులు, వంటిల్లు, పైన రేకులు. అమ్మేస్తానంది. మా ఆయన షిప్పు దిగిన రోజు చూసుకుని బస్సెక్కి వెళ్లాం. నేను గదులు చూశాను, కిటికీలు చూశాను, ముందున్న రెండు పోక చెట్లు చూశాను. ఆయన నేరుగా ఇంటి వెనక్కి పోయాడు. కొంతసేపటికి వచ్చి, "కొండ కోసేసి కట్టినారు. వెనకాల మట్టి చూసినావా?" అన్నాడు.

"ఇన్నేళ్లు ఆగింది కదా" అన్నాను.

ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. ఆ రోజు నాతో వాదించే ఓపిక ఆయనకూ లేదనుకుంటాను.

అద్దెతో బ్యాంకు కిస్తీ కట్టుకోవచ్చు, మనం నిద్రపోతున్నా ఇల్లు తన అప్పు తానే తీర్చుకుంటుందని నాకు చాలామంది చెప్పారు. చెప్పినవాళ్లలో ఒక్కరూ ఇల్లు కొన్నవాళ్లు కారు. బ్యాంకులో లోన్లు చూసే కుర్రాడు మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. మర్యాదస్తుడే. నా దుకాణం ఆదాయం ఏ కాగితం మీదా లేదు కాబట్టి లెక్కలోకి రాదన్నాడు. మా ఆయన రిటైర్‌మెంటుకు పదకొండేళ్లే ఉన్నాయి కాబట్టి అప్పు కూడా ఆ లోపలే తీరాలన్నాడు. ఏళ్లు తగ్గేసరికి కిస్తీ పెరిగింది. అక్కడ వచ్చే అద్దె అందులో సగానికి కాస్త పైన, అంతే. బ్యాంకు ఇవ్వని వాటా మేమే పెట్టుకోవాలి కదా, దానికి నా రెండు గాజులూ, ఆయన పీఎఫ్‌లో కొంతా పోయాయి.

చివరి సంతకాల రోజున ఆ కుర్రాడు పెన్ను ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని హిందీలో అడిగాడు. "దీదీ, ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో ఎలా కడతారు?"

"కుట్టి కడతాను" అన్నాను.

నా నడుముకున్న బెల్టు వైపు ఒకసారి చూసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

అప్పు మంజూరైనా ఇల్లు చేతికి రాలేదు. స్థలం ఇంకా చనిపోయిన భర్త పేరునే ఉంది. అది ముందు టీచరమ్మ పేరుకు మారాలి, ఆ తర్వాత అమ్మడానికి సర్కారు అనుమతి రావాలి. తహసీల్ ఆఫీసుకు ఏడు నెలలు తిరిగాం, ఆవిడా నేనూ. ఒక రోజు సంతకం పెట్టాల్సినాయన టూరులో ఉంటాడు, ఇంకో రోజు ఫైలు పక్క గదిలో ఉంటుంది, ఆ గది తాళం వేరే ఆయన దగ్గర ఉంటుంది. వరండాలో బెంచీ మీద కూర్చుని నేను యూనిఫారాలకు హుక్కులు కుట్టేదాన్ని, ఆవిడ నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. ఆవిడవి నాకన్నా మంచి కళ్లు. ఒకసారి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మా పేరు పిలిచినా లేపబుద్ధి కాక, నేనే మెల్లగా చెయ్యెత్తి, కొంచెం ఆగమని గుమాస్తాకు సైగ చేశాను. ఆయన ఫైలు పక్కన పెట్టేసి టీకి పోయాడు. మా పని మళ్లీ వారానికి పడింది.

తాళాలు చేతికొచ్చేసరికి సంతోషించే శక్తి అయిపోయింది. చీపురు, బకెట్టు పట్టుకుని వెళ్లి శుభ్రం చేసి వచ్చాను.

అద్దెకు దిగింది ఒక తాపీమేస్త్రీ, అతని భార్య. ఇద్దరూ సోంపేట దగ్గర పల్లె నుంచి పనికోసం వచ్చినవాళ్లు. ఆమె ఊళ్లో ఒక హోటల్ వంటింట్లో పనిచేసేది. వాళ్లిచ్చిన రెండు నెలల అడ్వాన్సు అలా తీసుకుని ఇలా నీళ్ల ట్యాంకుకు పెట్టేశాను. అక్కడ కొళాయి మూడు రోజులకోసారి వస్తుంది, ట్యాంకు లేకపోతే ఎవరూ ఉండరు. ట్యాంకు తరువాత పైపు, పైపు తరువాత రేకుకు చిల్లు. ప్రతి ఆదివారం నా ఫోను మోగేది. "ఇల్లు కొన్నావో, ఇంకో ఉద్యోగం కొన్నావో" అని మా ఆయన ఒకసారి అన్నాడు. నవ్వుతూ అనలేదు, తిడుతూనూ అనలేదు.

వానలు మొదలైన మూడో వారం ఒక ఉదయం మేస్త్రీ భార్య ఫోను చేసింది. "దీదీ, ఎనక మట్టి దిగిపోనాది. ఓసారి రండి" అంది. ఆమె గొంతులో కంగారు లేకపోవడమే నన్ను భయపెట్టింది. ఆటో కట్టించుకుని వెళ్లాను. వెనక కొండగట్టు ఒక పక్కగా జారి వంటింటి గోడను నెట్టేసింది. గోడ కూలలేదు గానీ పైనుంచి కింద దాకా పగిలింది. కిటికీలోంచి మట్టి లోపలికొచ్చి పొయ్యి, గిన్నెలు, బియ్యం డబ్బా కప్పేసింది. మేస్త్రీ అప్పటికే పారతో కాలువ తీసి నీళ్లు పక్కకు మళ్లించాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. ఆమె గిన్నెలు ఒక్కొక్కటీ తవ్వి తీసి గుమ్మంలో కడుగుతోంది.

వాళ్లు ఖాళీ చేస్తామంటారని నాకు తెలుసు. అడ్వాన్సు తిరిగి ఇమ్మంటారు. ఇవ్వడానికి నా దగ్గర లేదు. దారి పొడుగునా ఆ మాట ఎలా చెప్పాలా అనే ఆలోచించుకుంటూ వచ్చాను గానీ, వాళ్లకు దెబ్బలేమైనా తగిలాయా అని అడగాలని తోచలేదు. గుమ్మంలో ఆ గిన్నెలు చూశాకే తోచింది. సిగ్గేసి, ఆమె పక్కన కూర్చుని నేనూ పీచు అందుకున్నాను.

"ఈ యేడాదిలో మూడు ఇళ్లు మారినాం, దీదీ" అందామె. "మల్లీ మూట కట్టలేను. నాకు సేతకాదు."

ఇద్దరం అలాగే కూర్చుని తోముతున్నాం. కొంతసేపటికి మేస్త్రీ పార గోడకు ఆనించి వచ్చాడు. "రాయి, సిమెంటు మీరు తెప్పించండి. గోడ నాను కట్టేత్తాను. కూలి అద్దెలో ఇరగ్గొడదాం" అన్నాడు.

ఎన్ని నెలలు పడుతుందని అడిగాను. పగలు వేరే పని ఉంటుంది కాబట్టి సాయంత్రాలూ ఆదివారాలూ చేస్తే నాలుగైదు నెలలన్నాడు. అంటే ఆ నాలుగైదు నెలలూ అద్దె రాదు. సరేనన్నాను. సరేననక ఏమనగలను?

మా ఆయన షిప్పు దిగి వచ్చి అంతా చూశాడు. ఇంటికొచ్చి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "అమ్మేద్దాం" అన్నాడు. పగిలిన గోడతో ఎవరు కొంటారన్నాను. వచ్చినకాడికి ఇచ్చేద్దామన్నాడు. ఆ ఏడు నెలలూ తిరిగింది నేను, నడుము నాది, గాజులు నావి అని అనేశాను. ఆయన పీఎఫ్ మాట ఆయన ఎత్తలేదు. మర్నాడు ఆదివారం పొద్దున్నే లేచి, పాత చొక్కా వేసుకుని, నాతో చెప్పకుండా ప్రోతరాపూర్ వెళ్లిపోయాడు. నేను మధ్యాహ్నం వెళ్లేసరికి మేస్త్రీతో కలిసి రోడ్డు మీద పోసిన రాళ్లు ఒక్కొక్కటే పైకి మోస్తున్నాడు. ఇసక ఇక్కడ సులువుగా దొరకదు, క్వారీ నుంచి రాతిపొడి తెప్పించాం. షిప్పు దిగిన ప్రతిసారీ ఆ రెండు మూడు రోజులు ఆయన రాళ్లే మోశాడు. మా మధ్య ఆ ఇంటి గురించి మళ్లీ మాట రాలేదు. రాత్రులు ఆయన అరచేతులకు కొబ్బరినూనె రాసేదాన్ని, అంతే.

గోడ దీపావళి దాటాక పూర్తయింది. మధ్యమధ్య నీళ్లు పోవడానికి మేస్త్రీ పైపు ముక్కలు పెట్టాడు. ఆ ఆరు నెలల కిస్తీలకు నేను యూనిఫారాలతో పాటు పెళ్లి జాకెట్లు కూడా ఒప్పుకున్నాను. నడుము మళ్లీ రెండుసార్లు పట్టేసింది. తరువాతి వానల్లో పైపుల్లోంచి ఎర్రనీళ్లు ధారగా వచ్చాయి, మట్టి మాత్రం కదల్లేదు.

మేస్త్రీ వాళ్లు ఇంకో ఏడాదిన్నర ఉన్నారు. తరువాత అతనికి క్యాంప్‌బెల్ బే వైపు పెద్ద పని దొరికింది. వెళ్లే రోజు అడ్వాన్సు లెక్క సరిచేసి చేతికిచ్చాను. ఆమె తాళాలు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు.

మరుసటి వారం నేనూ మా ఆయనా సున్నం వేయడానికి వెళ్లాం. ఒక గది అయ్యేసరికి ఎండ ఎక్కింది. తెచ్చుకున్న పులిహోర తిని, కాసేపు నడుం వాలుద్దామని సిమెంటు నేల మీద పక్కపక్కనే పడుకున్నాం. కొన్న మూడేళ్లలో ఆ ఇంట్లో మేము నడుం వాల్చడం అదే మొదలు. నేల చల్లగా ఉంది. ఆయన ఏదో చెప్పబోయి మధ్యలోనే నిద్రపోయాడు. నేనూ పోయాను.

తలుపు కొడుతుంటే మెలకువ వచ్చింది. బయట ఒక నడివయసు ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, ఆసుపత్రిలో ఆయా అట. ఇల్లు ఖాళీ ఉందా అని హిందీలో అడిగింది. లోపల మా ఆయన గుర్రు వినిపిస్తోంది. ఖాళీయేనని చెప్పి, ఆయన్ను లేపకుండా, ఆమెను పక్కనుంచి తీసుకెళ్లి వంటిల్లు చూపించాను.