ఎవరూ పట్టుకోని కూతగాడు

మా బడి బరిలో అన్ని కులాల పిల్లలూ మొదటినుంచీ కలిసే ఆడుకున్నారని ఈమధ్య ఒక సభలో ఒకరు ఉపన్యసించారు. అది నిజం కాదు. ఎన్నడూ కలిసి ఆడలేదని మరొకరు ఖండించారు. అదీ నిజం కాదు. నరసాపురంలోని ఆ మిషన్ బడిలో అప్పట్లో ఆటలు ఆడించే బాధ్యత నాది. కనుక జరిగినది జరిగినట్లు రాసిపెట్టడం నా విధి.

ఒక ఏడు పాలకొల్లు నుంచి ఒక జట్టు పడవెక్కి మాతో చెడుగుడు పందానికి వచ్చింది. అందరూ వర్తకుల పిల్లలు. వారి నాయకుడు బట్టల దుకాణం వారి అబ్బాయి. అతని మేనమామగారు వెంట వచ్చి, గొడుగు వేసుకుని కాలువ గట్టున నిలబడ్డారు. మా జట్టులో కూతకు మొనగాడు, మాలపల్లె నుంచి క్రైస్తవంలో చేరిన కూలివారి కుర్రవాడు. అంతటి ఊపిరి నేను మరొకరిలో చూడలేదు.

న్యాయనిర్ణేతను నేనే. నియమాలు ముందే చదివి వినిపించాను. కూతగాడు తాకినవాడు చచ్చినట్లు, గీత దాటి బయటికి పోయినవాడూ చచ్చినట్లే.

మావాడు కూత అందుకుని అవతలి బరిలో అడుగుపెట్టాడో లేదో, పాలకొల్లు పిల్లలు గీత దాటి పరుగెత్తారు. అతణ్ణి తాకితే మైల, అతను తాకినా మైలే. పరుగెత్తినవారందరినీ నియమం ప్రకారం కూర్చోబెట్టాను. కొద్ది కూతల్లోనే వారి నాయకుడొక్కడే మిగిలాడు. మా పిల్లల కేకలతో గట్టు దద్దరిల్లింది.

“మేం ఓడలేదండి, తప్పుకున్నామంతేనండి,” అన్నాడతను.

“తప్పుకోడానికే ఇంత దూరం పడవెక్కారా ఏంటండీ బాబూ?” అన్నాడు మావాళ్ళలో ఒకడు.

నవ్వనిది మా కూతగాడొక్కడే. నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నేనింక వెళ్ళనండి మేష్టారూ.”

“గెలుస్తున్నాం కదరా.”

“ఎవరూ పట్టుకోకపోతే ఆడినట్టేంటండి? చేలో పిట్టల్ని తోలడం నాకు రోజూ ఉన్న పనేనండి.”

నియమాల కాగితం మళ్ళీ తిరగేశాను. ఆ మాట పాలకొల్లు నాయకుడూ విన్నాడు. పంచె ఎగగట్టి, “పంపించండి,” అన్నాడు.

“ఒరేయ్, ముట్టుకున్నావంటే మా అక్క నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు,” అన్నారు మేనమామగారు.

“కాలువ ఇక్కడే ఉంది కదా మావయ్యా.”

మావాడు మళ్ళీ కూత అందుకున్నాడు. ఈసారి ఎదుటివాడు వెనక్కి జరగలేదు. ఒక్క దూకు దూకి మడమ దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. మావాడు కూత ఆపకుండా, అతణ్ణి ఈడ్చుకుంటూ నడిమి గీత వైపు పాకాడు. వేళ్ళకూ గీతకూ మధ్య జానెడు నేల మిగిలింది. కూత సన్నబడింది, వణికింది, తెగిపోయింది. న్యాయనిర్ణేత అరవకూడదన్న సంగతి మరచి “చచ్చాడు” అని నేనే అరిచాను.

మావాడు నోట్లో మన్ను ఉమ్మి లేచాడు. “పట్టేశాడండి మేష్టారూ. మడమ ఊడొచ్చేట్టు పట్టాడండి,” అన్నాడు. బహుమతి అందుకున్నవాడి ముఖం అది.

పాలకొల్లు అబ్బాయి తిన్నగా వెళ్ళి కాలువలో మునిగి, నీళ్ళోడుతూ తిరిగివచ్చాడు.

“పట్టినప్పుడల్లా మునిగితే పొద్దుగూకిపోతుందండి. మావయ్యా, అందరం ఆఖర్న ఒకేసారి మునిగితే చాలదా?”

మేనమామగారు పడవ వంకా, కూర్చున్న పిల్లల వంకా చూశారు. “జుట్టు తడవాలి. ఒక్కొక్కడిదీ నేనే చూస్తాను,” అన్నారు.

ఆ నియమాన్ని వెంటనే కాగితం మీద చేర్చి పైకి చదివాను, కూర్చున్నవారందరినీ లేపి ఆట మళ్ళీ మొదటినుంచి పెట్టించాను. ఆ పైన జరిగినది ఆట. మావాణ్ణి పట్టుకున్నారు, పడదోశారు, అతను తప్పించుకున్నాడు, మళ్ళీ పట్టుకున్నారు. సాయంత్రం వారు రేవులో మునిగారు. మావాడు దిగువన వేరే రేవులో బురద కడుక్కున్నాడు. ఆనాడు అడ్డు తొలగినది అంతవరకే. అంతకుమించి నేను చెప్పబోను.

పందెం పాలకొల్లువారే గెలిచారని నా జ్ఞాపకం. మా ఊరివారు కొందరు ఒప్పుకోరు. ఆనాడు గట్టున నిలబడి చూసినవారెవరైనా ఇది చదివితే, గెలుపు సంగతిలో గాని, మాటల్లో గాని నేను పొరపడినచోట మొగమాటం లేకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను.