గడ్డిలో మాగేసిన ఫొటో

మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన వస్తువుల్లో పనికొచ్చినది ఒక్కటీ లేదు. ఆ కెమెరా మరీనూ. నొక్కగానే ఫొటో బయటికి వస్తుందని ఊరంతా చెప్పుకున్నాడు. ఫిల్ము పెట్టె మీద గడువు దాటిపోయిందని నాన్న చూపిస్తే, "మందులకైతే గడువు గానీ ఫొటోలకు గడువేంటి అన్నయ్యా" అని కొట్టిపారేశాడు. కాయల లారీ ముందు నిలబడి దిగినవన్నీ పాలిపోయి వచ్చినా, తప్పు ఎండదేనన్నాడు. పెట్టెలో ఒక్క ఫొటోకు సరిపడా ఫిల్ము మిగిలింది.

ఆ వేసవిలోనే అక్క పురిటికి నూజివీడు వచ్చింది. మాది మామిడికాయల వ్యాపారం. పెరటి గది నిండా వరిగడ్డి, అందులో మాగేసిన రసాలు, ఇల్లంతా ఆ వాసన. మగపిల్లవాడు పుట్టాడు. గుండె సరిగా లేదు, ఆశ పెట్టుకోవద్దని బెజవాడ డాక్టరు చెప్పి పంపేశాడు. అప్పటికింకా పేరైనా పెట్టలేదు. అక్క ఏడవడం మానేసి ఒక్కటే అడిగింది. వాడి ముఖం తనకు ఫొటోలో కావాలి, రేపు మరిచిపోకుండా.

నాయనమ్మ ఒప్పుకోలేదు. ఏడాది నిండని బిడ్డకు ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం.

"వాడికున్న ఆయుష్షు ఎంతని నాయనమ్మా?" అంది అక్క.

ముసలావిడ తడుముకుంటూ బిడ్డ తల నిమిరింది. చివరికి, "కానీయండి" అంది.

వసారాలో అక్క బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కెమెరా గరగరమంటూ అట్టముక్కను బయటికి తోసింది. అందరం వంగి చూశాం. ఎంతసేపటికీ అక్క గాజుల చెయ్యి మసగ్గా తేలిందే తప్ప, మిగతాదంతా వట్టి పసుపు.

"రాలేదు" అంది అక్క.

నాయనమ్మకు కళ్ళనిండా శుక్లాలు. ఆ అట్టను వేళ్ళతో తడిమి, "ఊరుకోవే, ఇంకా పచ్చిగా ఉంది. గడ్డిలో పెడితే అదే వస్తుంది" అంది. రసాలను పేర్చినట్టే దాన్ని రెండు పొరల మధ్య పెట్టించింది. బాబాయి నవ్వబోయి ఊరుకున్నాడు. నిజానికి మేమందరం కొంచెం నమ్మాం. ఆ గదిలో పెట్టింది పండకపోవడం మేమెప్పుడూ చూడలేదు.

వారం తిరక్కుండానే బిడ్డ పోయాడు. నాన్నా బాబాయీ తోట చివర పూడ్చి వచ్చారు. స్నానాలయ్యాక నాయనమ్మ గడ్డిలో తడుముకుంటూ ఫొటో తీసి, చీరచెంగుతో తుడిచి అక్కకిచ్చింది.

"వచ్చాడా?"

అట్ట గోధుమరంగుకు తిరిగింది. బిడ్డ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ముసలి ప్రాణాన్ని కష్టపెట్టడం ఎందుకనుకుంది కాబోలు అక్క.

"వచ్చాడు నాయనమ్మా. అచ్చం నీ ముక్కే."

ఆమె సంతోషిస్తుందనుకున్నాం. గోడకు ఆనుకుని అలాగే కూలబడింది. "అయితే ఫొటో పడిందన్నమాట. కానీయమన్నది నేనే. చేతులారా చంపుకున్నాను."

ఫొటో పడలేదని, అబద్ధమాడానని అక్క ఆమె కాళ్ళు పట్టుకుని చెప్పింది. నాన్న చెప్పాడు, బాబాయి చెప్పాడు, నేనూ చెప్పాను. తన బాధ తీర్చడానికి అందరం కలిసి ఆడుతున్న అబద్ధం ఆ మాటేననుకుంది నాయనమ్మ. పోయేదాకా నమ్మలేదు.