మోగకూడని తల

ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డ షెడ్డులో ఉన్నవాళ్లు: శిల్పి ఓబులాచారి, విగ్రహం చూసుకోవడానికి దొర్నిపాడు వైపు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, నేను. ఈ సంగతికి పనికొచ్చే వస్తువులు: చెక్కడం పూర్తయిన మూడడుగుల పెద్దమ్మ విగ్రహం, నల్లరాతిది, రెండు చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టి ఉంది, నేను పోతపోసిన మా నాయన తల, ఒక చిన్న సుత్తి, నా ఫోను. ఈ జాబితా ముందే ఎందుకిస్తున్నానంటే, ఇలాంటివి చెప్పేవాళ్లు అవసరమైనప్పుడల్లా కొత్త సాక్షుల్ని పుట్టిస్తుంటారు.

దయ్యాల్ని నమ్మనని చెప్పుకుంటే నా సంగతి పూర్తిగా చెప్పినట్టు కాదు. నమ్మేవాళ్ల పక్కన కూర్చుని టీ తాగే ఓపిక కూడా నాకు లేదు. సివిల్ డిప్లొమా చదివి, సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టి బలం లెక్కగట్టే పని చేసి, దాన్ని వదిలి శిల్పకళ కోర్సులో చేరినవాణ్ణి. నంద్యాలలో టీచరుగా ఉన్న మా నాయనకు ఇది నచ్చలేదు. చర్చిలో పెద్ద కూడా ఆయన. బొమ్మలు చేసే బతుకేందిరా అన్నాడు. ఈ ఏడాది కోర్సు తప్పితే నోరు మూసుకుని మళ్లీ ల్యాబుకు పోవాలని మా ఇద్దరికీ ఒప్పందం.

కోర్సు గట్టెక్కాలంటే ఒక శిల్పి దగ్గర పని చేసి, చివరి పని మీద ఆయన సంతకం తెచ్చుకోవాలి. నాకు దొరికినవాడు ఓబులాచారి.

ఆయన చెయ్యి మంచిదే, ఒప్పుకుంటాను. నోరే భరించడం కష్టం. షెడ్డుకు ఎవరొచ్చినా సుత్తి తీసుకుని రాళ్లను కొట్టి చూపిస్తాడు. గంటలా ఖంగుమంటే మగరాయి, కంచంలా మోగితే ఆడరాయి, దబ్బుమంటే మూగరాయి. మూగరాయి తన షెడ్డు గడప దాటదని చెప్పి మీసం సవరించుకుంటాడు. లోపల పగులుంటే శబ్దం చస్తుంది, అంతే. సంతలో కుండ కొనే మనిషి కూడా కొట్టి చూస్తుంది. కుండ ఆడదా మగదా అని అడగదు.

ఈ వేషాన్ని బయటపెట్టాలని షెడ్డులోని రాళ్లన్నిటి శబ్దం ఫోనులో కొలిచి పెట్టుకున్నాను. పెద్దమ్మ విగ్రహం 1,146 హెర్ట్జ్ దగ్గర మోగేది.

నా ప్రయోగాలు రాతిపొడితో. పెద్దమ్మను చెక్కుతున్నప్పుడు కింద రాలిన పొడిని ఊడ్చి, జల్లెడ పట్టి తీసుకున్నాను. మొదట బంకలో కలిపి కాగితం మీద నాయన ముఖం గీశాను. ఆరాక ముక్కు ఊడి పడింది. సున్నంతో పోత పోస్తే చెవులు విరిగాయి. తెల్ల సిమెంటుతో పోస్తే వెంట్రుకంత పగుళ్లు. చివరికి రెసిన్‌లో కలిపి పోసిన తల అచ్చులోంచి చెక్కుచెదరకుండా వచ్చింది. నాయన విసుగుతో సహా వచ్చింది.

గట్టిపడ్డాక ప్లాస్టిక్‌లా ఉండే ఆ రెసిన్ శబ్దాన్ని మింగేస్తుంది. కాబట్టి ఆ తల మోగదని నాకు ముందే తెలుసు. మోగకపోవడం లోపం కాదని వాదించడానికి బలం పరీక్షల కాగితాలు సిద్ధం చేసుకుని మరీ వెళ్లాను.

“ఏందప్పా ఇంజనీరూ, మీ నాయన తల ఎత్తుకొని యాడికి బయల్దేరినావ్?” అన్నాడు ఓబులాచారి.

సంతకానికి అన్నాను.

“రాయిని సంపి పొడి చేసి, దాన్ని మళ్లీ రాయి అంటాండావ్. ఇది పలికితే ఈడనే, వీళ్ల ముందరే సంతకం పెడతా.”

మా నాయన టీచరని విని ఉన్న పెద్దమనిషి ఒకాయన, అయివార్ల తలలన్నీ అంతేలేప్పా, ఎంత కొట్టినా పలకవు అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఓబులాచారి నవ్వుతూనే సుత్తితో నాయన నుదుటి మీద కొట్టాడు.

మోగింది. కంచంలా, సన్నగా, చాలాసేపు. నవ్వులు ఆగిపోయాక కూడా మోగుతూనే ఉంది. కొలతకు తెరిచి ఉంచిన ఫోను చూశాను. 1,146.

అంత చిన్న తల, మోగడమంటూ జరిగితే, అంతకంటే ఎన్నో రెట్లు పైస్థాయిలో మోగాలి. మూడడుగుల రాతి శబ్దం దానికి రావడానికి దారి లేదు. ఓబులాచారి మాట తప్పలేదు. నలుగురిలో అన్నాడు కనుక సంతకం పెట్టాడు. అయితే మా అమ్మను కూడా ఒకసారి పలికించప్పా అన్నారు పెద్దమనుషులు.

ఆయన విగ్రహాన్ని కొట్టాడు. దబ్బుమంది. భుజం మీద కొట్టాడు, పాదం దగ్గర కొట్టాడు. దబ్బు, దబ్బు. పొద్దున మోగిన రాయి, అవే దిమ్మెల మీద, ఎవరూ కదిలించకుండా.

పెద్దమనుషులు మూగ అమ్మ మాకొద్దని లేచి వెళ్లిపోయారు. ఓబులాచారి గొంతు తగ్గించి నాతో అన్నాడు. “నా రాయి గొంతు ఎత్తుకపోయినావ్. ఆ తల పగలగొట్టప్పా. దానిది దానికి పోతాది.”

“పగలగొట్టి కాలేజీలో ఏం చూపించాల?”

“నేను ఆ ఊరికి ఏం చూపియ్యాల?”

నేను పగలగొట్టలేదు. రాతికి గొంతుంటుందని ఒప్పుకుంటేనే కదా, దాన్ని దొంగిలించానని ఒప్పుకోవాల్సింది.

చేయగలిగిన పరీక్షలు చేశాను. పాత ల్యాబు నుంచి లోపలి పగుళ్లను పసిగట్టే యంత్రం అడిగి తెచ్చి విగ్రహమంతా వెతికాను. పగులు లేదు. దిమ్మెలు మార్చాను, ఎండలో పెట్టించాను, ఫోను మార్చాను. తల పోసిన మిశ్రమంతోనే అదే రోజు పోసిన దిమ్మె నా దగ్గర ఉంది. అది మూగదే. మా లెక్చరర్ ఒకాయన అంతా విని “రెజొనెన్స్” అన్నాడు. ఒక మాట పలికితే వివరించినట్టేనని అనుకునే జాతి అది.

కోర్సు గట్టెక్కింది. తల నంద్యాలకు వచ్చింది. వీధిలో సంగతి పాకి, నాయన బడికి వెళ్లిన సమయంలో ఎవరో వచ్చి దానికి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి పోయారు. సాయంత్రం ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“నా నుదుట కుంకుమ పెట్టిందెవురురా?”

తడిగుడ్డతో తన ముఖాన్ని తనే తుడిచి, మెట్ల కింద పెట్టించాడు. ల్యాబు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఓబులాచారి ఆ ఊరికి వేరే రాయి చెక్కి ఇచ్చాడు. మూగ పెద్దమ్మ షెడ్డులో గోడవైపు తిరిగి ఉంది. ఆళ్లగడ్డ వెళ్లినప్పుడల్లా కొట్టి చూస్తాను. ఆయన పని ఆపి చూస్తాడు. అది ఇప్పటికీ పలకదు.

నా దగ్గర వివరణ లేదు. ఉందనేవాళ్ల దగ్గర అసలే లేదు. ఇది రాయడానికి కూర్చునే ముందు మెట్ల కిందికి వెళ్లి నాయన నుదుటి మీద ఇంకోసారి కొట్టాను. 1,146.